మూడో నంబర్ కౌంటర్

రాత్రి రెండు దాటింది.
ఇక ఎవరూ రారులే అనుకుని ఫ్లాస్కు మూత తీశాను.
అద్దం కింది సందులోంచి
ఒక ప్లాస్టిక్ కవరు లోపలికి జారింది.

"ఉంది బిడ్డా. ఇన్సూరెన్స్ ఉంది మాకు."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూడాలి.
పరీక్ష పాసైన పిల్లవాడి మొహం.
గడ్డంలో ఇంకా సిమెంటు ఉంది.
పేరు మాసయ్య. సెంట్రింగ్ పని. ఉండేది సరూర్‌నగర్ చెరువు వెనక.
లోపల, ఎర్రలైటు అవతల, కొడుకు శివతేజ.
చైతన్యపురి మెట్రో పిల్లర్ దగ్గర
ఎవరో ఇల్లు కట్టుకుంటూ వదిలేసిన కంకర మీద జారాడు.
బిర్యానీ మాత్రం టైముకే చేరిందట.
ఇంకో అబ్బాయి వచ్చి పట్టుకుపోయాడు.

కవరు విప్పాను.
నాలుగు మడతలు. ఇంజన్ నంబరు. ఛాసిస్ నంబరు.
బండిది.

ఎలా చెప్పాలి?
ఇది మీవాడు ఎవర్నైనా గుద్దితే
వాళ్ళకు పనికొచ్చే కాయితం, పెద్దయ్యా.
మీవాడు ఎవర్నీ గుద్దలేదు కదా.
బండి నడిపేవాడికి కూడా ఒక లైను ఉంది,
అతను చచ్చిపోతే. అదీ, బండి అతని పేరు మీద ఉంటే.
సెకండ్ హ్యాండ్‌ది. పేరు ఇంకా మార్చుకోలేదు.

"మరి పోలీసులు గిదే అడుగుతరు గద?"

అవును, గిదే అడుగుతారు.
ఎల్బీనగర్ చౌరస్తాలో ఫోటో తీసి చలాను పంపేది దీనికే.
ఇనుముకు తప్పనిసరి.
దాని మీద కూచున్న ఎముకలకు మీ ఇష్టం.

తెల్లకార్డు అడిగాను.
అప్లికేషన్ పెట్టి నాలుగేళ్ళట.

హాల్లో టీవీ మూగగా నడుస్తోంది.
కింద అక్షరాలు పరుగెడుతున్నాయి:
పౌరులందరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి చేయాలా?
నలుగురు సూట్లవాళ్ళు చేతులు తిప్పుతున్నారు.
బెంచీ మీద డయాలసిస్ రజియాబీ నవ్వింది.
"జబర్దస్తీనా? పైసల్ ఎవర్ కడతర్?"
ఆమె పక్కాయన, బట్టల కొట్టు ఓనరు,
నాకేం జబ్బు లేదు, నేనెందుకు కట్టాలి అన్నాడు,
మూత్రపిండంలో రాయితో.

నేను మాట్లాడలేదు. కౌంటర్‌లో మాట్లాడకూడదు.
నా జీతంలో నెలనెలా కోస్తారు.
మొదట్లో తిట్టుకునేదాన్ని,
ఆ డబ్బుతో ఒక కుర్తా వచ్చేదని.
మా అమ్మే అంది, చిట్టీ అనుకోవే,
ఎత్తుకునే వంతు నీకు రాకూడదని మొక్కుకునే చిట్టీ.

అమ్మ ఉస్మానియాలో ఆయా.
మధ్యాహ్నం డ్యూటీ దిగి ఆ చింతచెట్టు కిందే అన్నం తినేది.
మూసీ పొంగిన ఏడు
నూటయాభై మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారట.
ఎక్కేవాళ్ళని ఎవరూ కార్డు అడగలేదు,
ముందునుంచీ ఏమైనా జబ్బుందా అనీ అడగలేదు.
చిన్నప్పుడు ఆ కథ నాకు ఎంతో ఇష్టం.
ఇప్పుడు వేరే లెక్క తగులుతుంది:
చెట్టు ఒక్కటే. చేయి అందనివాళ్ళు వేలు.
వాళ్ళ కథ చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

అందరినీ ఎక్కించాలంటే
ఎవరో ముందు నాటాలి, ఎండాకాలంలో,
వరద ఊసే లేనప్పుడు.
కూలివాడి చేతికి పార ఇచ్చి నువ్వే నాటుకో అంటే
అది చట్టం కాదు, ఇంకో చలాను.
నాకు తోచింది ఇంతే.
సూట్లవాళ్ళకు ఇంకా ఎక్కువ తెలుసేమో.

"అడ్వాన్సు ఎంత కట్టాలె?"

చెప్పాను.
ఆయన ఆ అంకెను పెదాలతో ఒకసారి పలికి చూశాడు.
చేతిలో కొడుకు హెల్మెట్, ఒక పక్క గీసుకుపోయి.
దాన్ని కౌంటర్ మీద పెట్టాడు, మెల్లగా,
నిద్రపోతున్న పిల్లను పడుకోబెట్టినట్టు.

"ఇంకోపారి చూడు బిడ్డా.
ఎనకపక్క ఏమన్న రాసి ఉన్నదేమో."

వెనక ఏముంటుందో నాకు తెలుసు.
అయినా తిప్పాను.
లైటు కింద పెట్టి
మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాను.